జనరేటర్‌కి మారినప్పుడల్లా బీఎంఎస్‌లో అలారాల వరద, ఎక్కడ ఆపాలి?

విజయవాడలో ఆఫీసు భవనం, బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను నడిపే, గమనించే సిస్టమ్) కింద పాత బ్యాక్‌నెట్ (భవన పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) కంట్రోలర్లు. కరెంటు పోగానే ఏహెచ్‌యూలన్నీ (ఏసీ గాలి పంపే యూనిట్లు) ‘కమాండ్ ఆన్, స్టేటస్ ఆఫ్’ (నడవమన్నా నడవట్లేదు) అని ఒక్కసారిగా అలారం ఇస్తాయి. ఆపరేటర్ చదవకుండానే అన్నీ అక్నాలెడ్జ్ కొట్టేస్తాడు (అన్ని వస్తే ఎవరైనా అంతే), చిల్డ్ వాటర్ పంపు ఓవర్‌లోడ్ ట్రిప్ కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

పంపులకు వేరే నోటిఫికేషన్ క్లాస్ (అలారం ఎవరికి, ఏ ప్రయారిటీతో వెళ్లాలో చెప్పే సెట్టింగ్), పై ప్రయారిటీ ఇచ్చాం. నార్మల్‌కి వచ్చినప్పుడు అక్నాలెడ్జ్ అడగడం తీసేశాం. కొంత నయం. టైమ్ డిలేతోనే (తేడా ఎంతసేపు నిలిస్తే అలారం ఇవ్వాలన్నది) చిక్కు: ఏహెచ్‌యూలు జనరేటర్ మీద ఒక్కొక్కటిగా స్టార్ట్ అవుతాయి, చివరిది అందుకునేసరికి 4 నిమిషాలు. అంత డిలే పెడితే మామూలప్పుడు ఫ్యాన్ బెల్ట్ తెగినా 4 నిమిషాల దాకా తెలియదు.

ఏఎంఎఫ్ ప్యానెల్ (కరెంటు పోతే జనరేటర్‌కి మార్చేది) నుంచి మెయిన్స్ ఫెయిల్ కాంటాక్ట్ (కరెంటు పోయిందనే సిగ్నల్) తీసుకుని, ఆ కాసేపు ఏహెచ్‌యూ స్టేటస్ అలారాలు మాత్రమే ఆపాలనుకుంటున్నాం. ఈ కంట్రోలర్లలో ఈవెంట్ అల్గారిథమ్ ఇన్‌హిబిట్ ప్రాపర్టీ (అలారాన్ని తాత్కాలికంగా ఆపే సెట్టింగ్) లేదు. ఇలాంటి చోట మీరు ఆ ఇంటర్‌లాక్ కంట్రోలర్ లాజిక్‌లో రాస్తారా, సర్వర్ వైపు పెడతారా?