హైదరాబాద్‌లో 72 వేలా, బెంగళూరులో 90 వేలా?

గోదావరి_అమ్మాయి:
నమస్తే. కొండాపూర్‌లో ఉంటున్నాం, అకౌంట్స్‌లో చేస్తున్నాను. చేతికి 72 వేలు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో 90 వేలకు ఆఫర్ వచ్చింది. మా ఆయన ఇంటి నుంచే పని చేస్తారు, బాబు యూకేజీ. ఈ తేడా నిజంగా మిగులుతుందా?

మారతహళ్లి_రాజు:
అక్కా, ముందు అడ్వాన్స్ సంగతి చూడండి. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె ఇస్తే తాళాలు చేతికొస్తాయి. ఇక్కడ ఐదారు నెలలు అడుగుతారు, కొందరు పాత ఓనర్లు పదంటారు. 35 వేల ఇంటికి రెండు లక్షలు వడ్డీ లేకుండా ఇరుక్కుపోతాయి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోస్తారు. గోడకి ఒక్క మేకు కొట్టకపోయినా నాకూ కోశారు. రీలొకేషన్ డబ్బు ఇస్తారేమో అడగండి.

లెక్కల_మాస్టారు:
వృత్తి పన్ను రెండు చోట్లా నెలకు 200 దగ్గరే, దాన్ని వదిలేయండి. కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు లేదు కాబట్టి పెరిగే అద్దె భారమంతా మీదే.

హిందూపురం_పద్మ:
బెంగళూరు అనగానే ట్రాఫిక్ అని భయపెట్టేస్తారు. 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ టెన్షన్ చాలా తగ్గింది. బొమ్మసంద్ర వైపు చూడండి, అద్దెలు వైట్‌ఫీల్డ్ అంత ఉండవు. హైదరాబాద్ మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది కదా. ఇక్కడ వేసవి ఫ్యాన్‌తో గడిచిపోతుంది, ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది. ఇల్లు చూసేటప్పుడు కావేరి నీళ్లా, ఒట్టి బోరా అని తప్పకుండా అడగండి. 2024 వేసవిలో ట్యాంకర్ల ఖర్చంతా మా మెయింటెనెన్స్‌లో వేశారు.

మారతహళ్లి_రాజు:
పద్మగారూ, మీకు ఊరు పక్కనే. మాది కాకినాడ. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు రాత్రి గౌతమి రైలు ఎక్కితే పొద్దున్నకి ఇంట్లో ఉండేవాణ్ణి. ఇక్కణ్ణుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు రోజంతా ప్రయాణం, సెలవూ పోతుంది. సంక్రాంతికి టికెట్ దొరక్క ప్రైవేట్ బస్సుకి ఎంతడిగితే అంత ఇస్తున్నాం. అమ్మానాన్నలు పెద్దవాళ్లయితే ఇది కూడా లెక్కలో వేసుకోండి అక్కా.

లెక్కల_మాస్టారు:
అద్దె, ప్రయాణాలు కలిపితే 18 వేలలో సగం పైనే పోతుంది. లక్ష అడగండి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని అంటే ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి.

గోదావరి_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్సండీ. అమ్మ ఒక్కతే రాజోలులో ఉంటుంది, రాజుగారి మాట బాగా తగిలింది. సోమవారం హెచ్‌ఆర్‌ని లక్ష అడుగుతాను. పద్మగారూ, బొమ్మసంద్ర వైపు ఒకటో తరగతికి మంచి స్కూల్ ఏదైనా తెలుసా?