అప్‌డేట్: ఉబుంటులో సైకాప్‌జీ2 ఇన్‌స్టాల్ సమస్య తీరింది

పైథాన్ ప్రోగ్రాములను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ అయిన సైకాప్‌జీ2ను, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్ టూల్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే "పీజీ_కాన్ఫిగ్ ఎగ్జిక్యూటబుల్ నాట్ ఫౌండ్" అంటూ ఆగిపోతోందని అడిగాను. సాయపడిన వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఈ లైబ్రరీ మన సిస్టమ్‌లోనే సోర్సు కోడ్ నుంచి కంపైల్ అవుతుంది (నడిచే రూపంలోకి మారుతుంది) కనుక పోస్ట్‌గ్రెస్ హెడర్ ఫైళ్లు (కంపైల్‌కు కావలసిన నిర్వచనాల ఫైళ్లు) కావాలని ఒకరు చెప్పిన మాటే నిజమైంది. ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌తో, ఆ ఫైళ్లూ పీజీ_కాన్ఫిగ్ కూడా ఉండే లిబ్‌పీక్యూ-డెవ్ ప్యాకేజీ వేయగానే ఆ ఎర్రర్ పోయింది. వెంటనే "పైథాన్.హెచ్" ఫైలు లేదని మరొకటి వచ్చింది, పైథాన్3-డెవ్ వేశాక అదీ తీరింది. కంపైలర్ జీసీసీ ముందే ఉంది.

పిప్‌ను అప్‌గ్రేడ్ చేయడం, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ప్రాజెక్టుకు విడిగా ఉంచే పైథాన్ ఫోల్డర్) చెరిపి మళ్లీ సృష్టించడం వల్ల ఏ మార్పూ రాలేదు. డేటాబేస్ సర్వర్‌ను ఇదే సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం కూడా లేదు. ముందే కంపైల్ చేసి ఇచ్చే సైకాప్‌జీ2-బైనరీతో పని సులువే గానీ, ప్రొడక్షన్‌లో (అసలు వినియోగదారులు వాడే సిస్టమ్‌లో) సోర్సు నుంచి కట్టినదే వాడమని లైబ్రరీ డాక్యుమెంటేషన్ సూచిస్తున్నందున నేను దాని జోలికి వెళ్లలేదు.