ఈ వారం సమస్య: ‘ఉడుత మఱచి పోయి యడవి పెంచె’

నిర్వాహకుడు: పొద్దున కాఫీ దగ్గర తట్టిన పాదం, ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలపడం) నేనే పెట్టాను, దాని మీద గొడవొద్దు. చలిదేశపు ఉడుతైనా, మన ఇంటిచూరు ఉడుతైనా సరే.

కోటిపల్లి రేవు: ఉడుతాభక్తిగా నాదొకటి.

చలికి ముందు తాను జతనమ్ముగాఁ బాతె
నోకుకాయలెన్నొ యొంటిగాను;
మంచు కరగఁగానె మట్టిలో మొలకెత్తె;
ఉడుత మఱచి పోయి యడవి పెంచె.

ముక్తేశ్వరం మాష్టారు: గుంటకొక ఓక్ చెట్టు కాయ చొప్పున పాతడం ‘ఒంటిగాను’లో బాగా వచ్చింది. ‘తాను’ మాత్రం గణం కోసం పిలిచిన చుట్టం. అన్నట్టు, పోయిన నెల ఎలుగుబంటి చలికాలానికి తేనెపట్లు దాచుకుందని పూరించినది తమరే కదా? ఎలుగు దాచుకునేది ఒంట్లో కొవ్వండీ, కూడు కాదు. పైగా మన వైపు ఎలుగు చలికి నిద్రే పోదు.

కోటిపల్లి రేవు: ఆ ఎలుగుని ఇంకా వదల్లేదా మాష్టారూ! సరే, మీ పూరణ పెట్టండి, చూద్దాం.

ముక్తేశ్వరం మాష్టారు:

ఊరి వాఁడి పేరె యుడుత, తేగలకని
తాటి టెంకలన్ని దాచిపెట్టి,
పట్నమందుఁ గొలువు పదియేండ్లు చేసెను;
ఉడుత మఱచి పోయి యడవి పెంచె.

యానాం అమ్మాయి: పాతర తవ్వితే తేగలు, టెంక కొడితే బుర్రగుంజు, తేగ చీలిస్తే చందమామ... నోరూరించారు మాష్టారూ. కానీ ‘వాఁడి’ అంటే పదును కదండీ. ‘వాని’ అంటే గణమూ చెడదు.

కోటిపల్లి రేవు: పదును మాష్టారికే తగిలింది! ఇంకోటి. పదేళ్ళకి తాటిచెట్టు కాపే పట్టదు, అడవెక్కడిదండీ?

ముక్తేశ్వరం మాష్టారు: ‘వాని’ ఒప్పుకున్నాను తల్లీ. తాటిచెట్టు సంగతి రేవు గారితో విడిగా తేల్చుకుంటాను.

యానాం అమ్మాయి: నాది.

గింజ మొలక కొఱికి కీడెంచి దాఁచును
తెల్ల యోకుకాయఁ దినెడు దాఁక;
కొఱకకున్న వన్ని కొమ్మలై యెదిగెను;
ఉడుత మఱచి పోయి యడవి పెంచె.

అమెరికా బూడిదరంగు ఉడుత చేసే పనే ఇది. తెల్ల ఓక్ కాయ రాలిన శరత్తులోనే మొలకెత్తేస్తుంది. అందుకని మొలక వచ్చే మొన దగ్గర కొరికేసి మరీ పాతుతుంది. ఎర్ర ఓక్ వసంతం దాకా మొలవదు, దాన్ని అలాగే పాతేస్తుంది.

నిర్వాహకుడు: అంటే మఱచింది పాతిన చోటు కాదు, కొరకడం! ఈ విరుపు నాకే తట్టలేదు.

ముక్తేశ్వరం మాష్టారు: భేష్. ‘కీడెంచి’ దగ్గర యతి కుదరడమే కాదు, సామెతా పలికింది. రేవు గారూ, చూసి నేర్చుకోండి.

కోటిపల్లి రేవు: నేర్చుకుంటాను గానీ, మన డెల్టాలో దాచుకునేది ఉడుత కాదు, పందికొక్కు. మాసూళ్ళయ్యాక మా గట్టు తవ్వితే కన్నం నిండా వరి వెన్నులే, కొసలు నున్నగా కొరికి ఉంటాయి. అదేదీ మరిచిపోదు, మనకి మిగల్చదు.

ముక్తేశ్వరం మాష్టారు: పందికొక్కుతో సమస్య ఇవ్వమనండి, చూద్దాం. ఈసారి తేనె తాగించకండి దానిచేత.