1968 అంబాసిడర్ మార్క్ 2కి ఇసుజు ఇంజన్: 70 దగ్గర వణుకు, ఘాట్ దిగుతుంటే హౌసింగ్ ఊళ

సముద్రగాలి_అంబీ

బండి 1968 మార్క్ 2. పాత 1489 సీసీ ఇంజన్ దించేసి, 1800 ఐఎస్‌జెడ్ నుంచి తీసిన ఇసుజు 1817 సీసీ ఇంజన్‌ని, దాని 5 గేర్ల బాక్సుని ఎక్కించాం. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు ఎక్కువైతే గాజువాక ఆటోనగర్‌లో కోయించి వెల్డింగ్ చేయించాం. వెనక కమాన్ కట్టలకీ (పట్టీల స్ప్రింగులు), వెనక ఇరుసు హౌసింగ్‌కీ మధ్య 50 మి.మీ. దిమ్మలు పెట్టాం. ముందు టార్షన్ బార్ పళ్ళు జరిపి కిందకి దింపాం. హౌసింగ్ విప్పలేదు.

ఇప్పుడు బాధలు ఇవీ. 65–75 మధ్య సీటు కింద సన్నటి వణుకు, 80 దాటితే సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే వెనక 'టక్' మంటుంది. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు మూడో గేర్లో కాలు తీస్తే హౌసింగ్ ఊళ పెడుతుంది. ముందు టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయి. గుంటలో పడితే ఎడమ పక్క ఇనుము మీద ఇనుము కొట్టిన మోత.

క్రౌన్ పినియన్ సెట్ (హౌసింగ్ లోపలి పళ్ళచక్రాల జత) మార్చేయమంటున్నారు. నిజంగా అక్కడి నుంచే మొదలెట్టాలా?

లేత్_బల్ల

క్రౌన్ జోలికి ఇప్పుడే పోకండి. వణుకుకీ ఊళకీ కారణం ఒకటే కానక్కర్లేదు.

మొదట బండి కిందకి దూరి షాఫ్ట్ రెండు కొనల్లో యోక్ చెవులు (క్రాస్ జాయింట్‌ని పట్టుకునే కొమ్ములు) చూడండి. రెండూ ఒకే గీతలో ఉండాలి. కోసి అతికించిన షాఫ్టుల్లో మామూలుగా జరిగే పొరపాటు ఇదే. వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం కాస్త తిరిగిపోతుంది. చెవులు తప్పితే మిగతాది ఎంత సరిచేసినా వణుకు పోదు, మళ్ళీ కోయాల్సిందే. అతికించాక బ్యాలెన్సింగ్ చేశారో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

తర్వాత హౌసింగ్ రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో తేల్చుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక వెనక చక్రమే పైకి లేపండి, రెండోది నేల మీదే ఉండాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో సున్నంతో గుర్తు పెట్టి లెక్కపెట్టండి. ఆ అంకే రేషియో. రెండు చుట్లు ఎందుకంటే, ఒక చక్రం ఆగి ఉంటే క్రౌన్ సగమే తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క. టైరు ఒక చుట్టుకి 2 మీటర్లు పోతుంది, రేషియో 4.5 అనుకుందాం. 70 కి.మీ. వేగంలో చక్రం సెకనుకి 9.7 చుట్లు, షాఫ్ట్ దాదాపు 44 చుట్లు తిరుగుతాయి. ఫోన్లో వైబ్రేషన్ కొలిచే యాప్ తెరిచి సీటు పట్టా మీద గట్టిగా అతికించి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి చూడమనండి. వణుకు సెకనుకి పది దగ్గర కనిపిస్తే చక్రం, టైరు. 44 దగ్గరైతే షాఫ్ట్ బ్యాలెన్స్. 87, 88 దగ్గరైతే క్రాస్ జాయింట్ల కోణం. ఒక చుట్టులో జాయింట్ రెండుసార్లు వేగం మారుస్తుంది కాబట్టి అది షాఫ్ట్‌కి రెట్టింపు వస్తుంది. అదే వేగంలో క్లచ్ నొక్కి ఇంజన్ ఐడిల్‌కి వదిలినా వణుకు ఉందంటే ఇంజన్ మౌంటింగుల్ని వదిలేయొచ్చు.

కోణాలు కొలిచేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. స్టాండు వేయాల్సి వస్తే హౌసింగ్ కిందే వేయండి. ఛాసిస్ కింద వేస్తే హౌసింగ్ వేలాడి కొలతంతా తప్పు. గేర్‌బాక్స్ తోక, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజ్, ఈ మూడు చోట్లా డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టి అంకెలు ఇక్కడ పెట్టండి.

పట్టీలు_బుష్షులు

ముందు భాగం గురించి నేను చెప్తా. అంబాసిడర్‌కి ముందు కాయిల్ స్ప్రింగ్ లేదు. చక్రానికీ ఛాసిస్‌కీ మధ్య ఉన్నది మెలి తిరిగే ఇనుప కడ్డీ, అదే టార్షన్ బార్. విప్పే ముందు బండిని స్టాండుల మీద ఎక్కించి, కింది ఆర్మ్ కింద జాక్ పెట్టి మెల్లగా దించి, ఆ మెలి మొత్తం వదిలించండి. మెలి ఉండగా బోల్టు తీస్తే ఆర్మ్ ఎగిరి ముంజేయి విరుస్తుంది.

కుడి బారు కుడికే, ఎడమ బారు ఎడమకే. తయారీలోనే ఒక దిశకి మెలిపెట్టి అలవాటు చేసిన ఉక్కు అది, తారుమారు చేస్తే కుంగిపోతుంది, విరిగినా విరుగుతుంది. గుర్తుకి పెయింటు చుక్క చాలు. పంచ్‌తో కొట్టొద్దు, ఆకురాయి తగలనీయొద్దు. మన బీచ్ రోడ్ ఉప్పుగాలికి తుప్పు పట్టి సూది గుంటలు పడుంటే ఆ బారు పనికిరాదు, పగులు ఆ గుంటలోనే పుడుతుంది. ముందు వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, గోరుతో తడిమి చూడండి. బాగుంటే ప్రైమర్, పైన పెయింటు. స్ప్లైన్ పళ్ళకి గ్రీజు.

ఎడమ మోతకి రెండే అనుమానాలు. ఒకటి, దించాక బంప్ రబ్బరుకీ ఆర్మ్‌కీ మధ్య ఖాళీ లేకపోవడం. నా లెక్కలో 40 మి.మీ. కన్నా తగ్గితే మన రోడ్లకి కష్టం. ఒక పన్ను వెనక్కి జరిపి ఎత్తు పెంచుకోండి. రెండోది ట్రన్నియన్ (చక్రాన్ని మోసే స్వివెల్ పిన్‌ని ఆర్మ్‌కి కలిపే మరల దిమ్మ), ఇది ప్రమాదం. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, ఇంకొకరు బ్రేకు తొక్కి ఉంచాలి. బ్రేకు తొక్కినా ఊగితే అది బేరింగ్ ప్లే కాదు, స్వివెల్ పిన్ మరలు అరిగినట్టు. పూర్తిగా అరిగితే చక్రం మడతపడి కూలబడుతుంది. గ్రీజు గన్ కొడితే పాత గ్రీజు బయటికి రావాలి. రాకపోతే నిపిల్ మూసుకుపోయింది, విప్పి శుభ్రం చేయండి.

టైరు లోపలి అరుగుదల ఎత్తు మారినందుకే. అలైన్‌మెంట్ మాత్రం చివర్లో చేయించండి. ఎత్తు ఖరారు కాకముందు చేయిస్తే డబ్బు వృథా.

సముద్రగాలి_అంబీ

కొలిచాను. యోక్ చెవులు ఒకే గీతలో ఉన్నాయి. రేషియో 4.5కి కాస్త ఎక్కువ. యాప్‌లో 90కి దగ్గరగా ముల్లు లేస్తోంది. గేర్‌బాక్స్ తోక వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 5 డిగ్రీలు, పినియన్ దాదాపు సున్నా. ట్రన్నియన్‌లో ఎడమ పక్క ప్లే ఉంది, రెండు పక్కలా కిట్ మారుస్తున్నా.

లేత్_బల్ల

దొరికింది. ముందు జాయింట్ కోణం 5 లోంచి 3 పోతే 2. వెనకది 5 లోంచి 0 పోతే 5. రెండూ సమానంగా ఉంటేనే ఒకటి పుట్టించిన హెచ్చుతగ్గుల్ని రెండోది కొట్టేస్తుంది. ఒక డిగ్రీ తేడా వరకు పర్లేదు, మీకు మూడు ఉంది. అలాగని సున్నా చేయాలనీ అనుకోవద్దు. అసలు కోణమే లేకపోతే సూది బేరింగులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి.

పినియన్ ముక్కు 2 డిగ్రీలు లేపండి. 3 లేపితే లెక్క సరిపోతుంది కానీ, తొక్కినప్పుడు కమాను మెలికపడి ముక్కు తనంతట తనే ఇంకొంచెం లేస్తుంది. దానికి ఒక డిగ్రీ వదలాలి. కమాన్ కట్ట హౌసింగ్ కింద కూర్చుంది కాబట్టి వెడ్జ్ ప్లేటు (ఒక పక్క మందం, ఇంకో పక్క పలచన) మందం వైపు బండి ముందుకు ఉండాలి. తిప్పి పెడితే ఇప్పటికన్నా ఘోరం. అల్యూమినియం వద్దు, నలిగిపోతుంది. ఉక్కు వెడ్జ్ పెట్టండి. సెంటర్ బోల్టు తల దిమ్మ రంధ్రంలో పూర్తిగా కూర్చుందో లేదో చూశాకే యూ బోల్టులు బిగించండి. 200 కి.మీ. నడిచాక మళ్ళీ బిగించాలి.

షాఫ్ట్ స్లిప్ యోక్ (గేర్‌బాక్స్‌లో ముందుకీ వెనక్కీ జారే కొన) లోపలికి ఇంకా 20–25 మి.మీ. పోయే జాగా ఉండాలి. లేకపోతే గుంటలో పడినప్పుడు గేర్‌బాక్స్ బేరింగ్ మీద కొడుతుంది.

పట్టీలు_బుష్షులు

ఒక్క మాట. ఆ దిమ్మలు నాకు నచ్చవు. హౌసింగ్‌కీ కమానుకీ దూరం పెరిగేకొద్దీ కమాను ఎస్ ఆకారంలో మెలికపడే గుణం పెరుగుతుంది, పైగా ఇసుజు టార్క్ ఎక్కువ. కట్ట విప్పి, పట్టీల వంపు తగ్గించి మళ్ళీ టెంపర్ పెట్టించడం సరైన పని. ఖర్చు అవుతుంది, నిజమే. ఏదైనా సరే, రబ్బరు బుష్షుల బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నెలల్లో చిరుగుతుంది.

క్రౌన్_నీలి

ఇక ఊళ సంగతి. షాఫ్ట్ ఊడదీసి పినియన్ ఫ్లాంజ్ పట్టుకుని లోపలికీ బయటికీ లాగండి. వెంట్రుకంత కదిలినా పినియన్ బేరింగ్ ప్రీలోడ్ (ముందస్తు బిగువు) పోయినట్టే. కాలు తీసినప్పుడే ఊళ పెట్టడానికి ముందు చూడాల్సింది ఇదే, పళ్ళు తర్వాత. బేరింగులు మార్చినా క్రౌన్ సెట్ అలాగే మిగలొచ్చు. లోపల షిమ్ (పలచని రేకు వాషర్) రకమా, నలిగే స్లీవ్ రకమా చూసుకోండి. స్లీవ్ అయితే ప్రతిసారీ కొత్తది వేయాలి, నట్టు ఎక్కువ బిగిసిందని వెనక్కి వదులు చేస్తే లెక్క చెడినట్టే.

పళ్ళకి నీలిరంగు పూసి తిప్పండి. ముద్ర పంటి కొసన పడితే పినియన్ దూరంగా ఉంది, దాని తల వెనక మందం షిమ్ వేయాలి. పంటి మొదలు దగ్గర, లోతుగా పడితే పలచని షిమ్. 'టక్' మనేది క్రౌన్‌దేనా అన్నది డయల్ గేజ్ తేలుస్తుంది. ఈ తరహా హౌసింగుల్లో బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు) మామూలుగా 0.15–0.25 మి.మీ. ఉంటుంది. అంతలో ఉంటే శబ్దం క్రాస్‌లోనో, స్లిప్ స్ప్లైన్‌లోనో వెతకండి.

హౌసింగ్‌లో నూనె ఈపీ 90, జీఎల్-5 రకం. అదే డబ్బా గేర్‌బాక్స్‌లో పోయకండి, గేర్లు సాఫీగా కలిపే ఇత్తడి సింక్రో రింగులకి జీఎల్-5 పడదు. హౌసింగ్ మీది గాలి రంధ్రం కూడా పొడవండి. అది మూసుకుంటే వేడికి నూనె సీళ్ళు దాటి బ్రేకు లైనింగుల మీదకి వస్తుంది.

సముద్రగాలి_అంబీ

ఫ్లాంజ్ కదులుతోంది. బేరింగులు ఆర్డర్ పెట్టా, కిట్, ఉక్కు వెడ్జ్ కూడా. ఇదంతా అయ్యాక వింటేజ్ వీఏ నంబరుకి (పాత బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) పెట్టొచ్చా?

లేత్_బల్ల

50 ఏళ్ళు దాటింది కానీ కుదరదు. 2021 నిబంధన ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా అసలు రూపంలోనే ఉండాలి, మీది ఇసుజు. ముందు ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కిందో లేదో చూడండి, అది లేకుండా రోడ్డెక్కించొద్దు.