పాత ఆల్టోకి మొదటి చలికాలం: తెల్లవారుజామున మంచులో వెళ్లాలంటే ఏమేం చూసుకోవాలి?

కొత్త స్టీరింగ్:
అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో ఇదే మొదటి కారు. ఆగస్టులో మా పెదనాన్నగారి దగ్గర 2011 ఆల్టో ఎల్ఎక్స్ఐ తీసుకున్నాను. పెట్రోలు, 800 సీసీ, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. నేను అమలాపురంలో నర్సుగా చేస్తున్నాను, మాది మలికిపురం అవతల ఒక ఊరు. మార్నింగ్ డ్యూటీ 7 గంటలకి కాబట్టి ఐదున్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలి. ఇన్నాళ్లూ నాన్న స్కూటీ మీద రాజోలు దాకా దింపితే అక్కడ బస్సు ఎక్కేదాన్ని. ఆయనకి ఆయాసం, మంచులో బయటికి తిప్పడం ఇష్టం లేకే ఈ కారు కొన్నాను.

వానాకాలం అంతా బాగానే నడిచింది. కార్తీకం వెళ్లిన దగ్గర్నుంచి ఇబ్బంది మొదలైంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే కటకటమని ఊరుకుంటుంది, మూడోసారికో నాలుగోసారికో అందుకుంటుంది. దానికన్నా పెద్ద భయం అద్దం. పోయిన మంగళవారం మా ఊరి కాలువ గట్టు మీద వెళ్తుంటే ముందు అద్దం లోపలి వైపు తెల్లగా కమ్మేసింది. గుడ్డతో తుడుస్తుంటేనే మళ్లీ కమ్ముతోంది. ఆపేసి, ఫోన్ లైటు వేసుకుని దిగి చూస్తే ఎడమ చక్రానికి జానెడు దూరంలో గట్టు అంచు, కింద నీళ్ల మీద గుర్రపుడెక్క. కాళ్లు వణికాయండి. ఆ రోజు మెయిన్ రోడ్డు దాకా కిటికీ దించి తల బయటపెట్టుకునే వెళ్లాను.

సలహాలు అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తున్నారు. సామాన్లు అమ్మే షాపతను తెల్ల ఎల్ఈడీ బల్బులు వేయించమంటాడు, తమ్ముడు రోజూ పది నిమిషాలు ఇంజన్ వేడెక్కించమంటాడు, ఇక్కడ మంచుగడ్డలు కట్టవు కదా కూలెంట్ ఎందుకు, బోరు నీళ్లు చాలంటారు నాన్న. నా దగ్గర ఉన్నది పది వేలు. సంక్రాంతి వెళ్లాక అమ్మానాన్నల్ని లంబసింగి తీసుకెళ్లాలని కూడా ఉంది. ముందు దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కర్లేదు?

పాత పానా:
అమ్మా, ముప్పై ఏళ్లు షెడ్డులో ఉన్నవాణ్ణి, నా మాట విను. మన దగ్గర చలి కార్లని ఏమీ చెయ్యదు, చేసేదంతా తడి. చలి చేసేది ఒక్కటే, ఇవాళో రేపో పోయే బ్యాటరీని ముందు బయటపెడుతుంది. నీ కటకట అదే. ముందు టెర్మినల్స్ చూడు, తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే నెగటివ్ ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, బాగా ఆరాక బిగించి వాజలిన్ రాయి. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. మర్నాడు పొద్దున్న కారు ముట్టుకోకముందే మీటరు పెట్టించి చూడు. 12.4 నుంచి 12.6 వోల్టులు ఉంటే బాగున్నట్టు, 12కి దిగిపోతే ఇక దాని మీద ఆశ పెట్టుకోకు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, డైనమోది. ఇది చూడకుండా కొత్త బ్యాటరీ కొన్నవాళ్లు రెండు నెలలకే మళ్లీ షెడ్డుకొచ్చారు. నీ బండికి 35 ఏహెచ్ బ్యాటరీ చాలు.

స్టార్ట్ చేసేటప్పుడు లైట్లు, ఏసీ, వైపర్ అన్నీ ఆపెయ్. తాళం ఆన్‌లో పెట్టి రెండు మూడు సెకన్లు ఆగు, పెట్రోలు పంపు చిన్నగా గుయ్యిమని ఆగుతుంది, అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టు. ఐదు సెకన్లకి మించి పట్టుకోకు, అందుకోకపోతే కాసేపు ఆగి మళ్లీ. పది నిమిషాలు వేడెక్కించడం కార్బ్యురేటర్ బళ్ల నాటి అలవాటు. అర నిమిషం ఆగి బయల్దేరి, మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పోనిస్తే సరిపోతుంది.

బోరు నీళ్లు మాత్రం వద్దని నాన్నగారికి చెప్పు. మీ వైపు బోరుల్లో ఉప్పు. అది రేడియేటర్ గొట్టాల్లో పొరలా పేరుకుంటుంది, లోపల తుప్పు పట్టిస్తుంది. కూలెంట్ గడ్డ కట్టకుండా ఉండటానికే కాదమ్మా, తుప్పు ఆపడానికి, ఎండల్లో మరగకుండా ఉండటానికి కూడా. పాతది పూర్తిగా దింపించి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయించు. ఇంజన్ వేడి మీద ఉండగా రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు, నా కుడి చెయ్యి మీద మచ్చ ఇంకా ఉంది.

ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. ఇంజన్ లోపలి భాగాల్ని ఒకదానితో ఒకటి జతగా తిప్పడానికి మీ 800 ఇంజన్‌కి టైమింగ్ చైన్ ఉండదు, రబ్బరు బెల్టు ఉంటుంది. పెదనాన్నగారు ఎప్పుడు మార్పించారో బిల్లు దొరక్కపోతే మార్చలేదనే అనుకో. అది తెగితే నడిరోడ్డు మీద బండి ఉన్నచోటే ఆగిపోతుంది, మంచులో అలా ఆగడం ఎంత ప్రమాదమో ఆలోచించు.

అద్దం సంగతికి ఒక పని చెయ్యి. కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి, కింద కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి చూసి నాకు చెప్పు.

గట్టు రోడ్డు:
చెల్లెమ్మా, నేను టాక్సీ నడుపుతాను. ధనుర్మాసం అంతా తెల్లారుజామున రాజమండ్రి ట్రిప్పులే. ఎల్ఈడీ బల్బులు అస్సలు వద్దు. మీ హెడ్‌లైట్ డోము మామూలు హెచ్4 హాలోజెన్ బల్బుకి తయారైంది, అందులో వేరే బల్బు పెడితే వెలుతురు ఎటుపడితే అటు చెదిరిపోతుంది, ఎదుటివాడికి కళ్లు బైర్లు, మనకి ఎదురుగా తెల్లటి గోడ. డోము పసుపు రంగుకి తిరిగి ఉంటే దాన్ని పాలిష్ పట్టించండి, 55 వాట్ల బల్బే కొత్తదానిలా పడుతుంది. మంచులో ఎప్పుడూ డిమ్మే, బ్రైట్ వేస్తే ఆ వెలుగు నీటిబొట్లకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. చాలామంది నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడుపుతారు, అది తప్పు, మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. బండి ఆపినప్పుడు మాత్రమే వెయ్యాలి.

అద్దం కమ్ముతుంటే గుడ్డతో తుడవకండి. గాలి లివర్ బయటి గాలి వైపు పెట్టి, గాలి అద్దం మీదికి తిప్పి, హీటరూ ఏసీ రెండూ కలిపి వెయ్యండి. చలిలో ఏసీ ఏంటని అనుకుంటారు, కానీ గాలిలో తడిని లాగేసేది ఏసీయే, నిమిషంలో అద్దం తేటపడుతుంది. వానాకాలం ఏసీ ఎక్కువై బయటివైపు కమ్మితే మాత్రం వైపర్ వేసి చల్లదనం తగ్గించాలి, ఆ రెండూ వేరు. అద్దం లోపలి వైపు జిడ్డు లేకుండా వారానికోసారి న్యూస్‌పేపరుతో రుద్దండి, జిడ్డున్న చోట మంచు తొందరగా పడుతుంది.

అసలు భయపడాల్సింది ధాన్యం ట్రాక్టర్లకి. ట్రక్కు వెనక లైటు ఉండదు, రేడియం ఉండదు, పైన బస్తాలో గడ్డో. దగ్గరికెళ్లే దాకా కనపడదు. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రికి ధాన్యం ఎత్తేస్తారు గానీ రాళ్లు అక్కడే ఉంటాయి. ముప్పై దాటకండి. గట్టు మీద మీ వైపు అంచు కనపడకపోతే దిగి చూసుకోవడం నామోషీ కాదు, మీరు మంగళవారం చేసింది సరైన పనే.

సార్వా రైతు:
కోతలు అయిపోగానే చేలో ఎలకలన్నీ ఇళ్ల మీద పడతాయి, వాటికి వెచ్చగా ఉండే చోటు కారు ఇంజనే. మా ఇంట్లో బండికి ఒక్క రాత్రిలో వైర్లు కొరికేశాయి, వెయ్యి రూపాయల వైరుకి మూడు రోజులు బండి మూలన పడింది. గడ్డివాము పక్కన గానీ వడ్ల బస్తాల పక్కన గానీ పెట్టకండి. పొగాకు కాడలు కడితే కొన్నాళ్లు రావు, వాసన పోయాక మళ్లీ వస్తాయి, కాబట్టి రోజూ పొద్దున్న బానెట్ ఎత్తి ఒకసారి చూసుకోవడమే నమ్మకం. రోడ్డు మీద పరిచిన గడ్డి మీదుగా వెళ్తే తర్వాత ఆపి కిందికి వంగి చూడండి, గడ్డి పోగులు సైలెన్సర్‌కి చుట్టుకుంటే అంటుకుంటాయి. కొబ్బరి చెట్టు కింద పార్కింగ్ వద్దని కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

కొత్త స్టీరింగ్:
పాత పానా బాబాయ్‌గారూ, మీరు చెప్పినట్టు నొక్కితే ఎడమ వైపు కార్పెట్‌లోంచి నీళ్లు ఊరాయి! పైకి మ్యాటు పొడిగానే ఉంది. అక్టోబరు వానలప్పటి తడి అనుకుంటా, ముక్కవాసన వస్తుంటే సెంటు కొడుతూ వచ్చాను ఇన్నాళ్లూ.

పాత పానా:
అనుకున్నాను. రోజూ ఆ తడే ఆవిరై అద్దానికి పడుతోంది. ఆరబెడితే సరిపోదు, నీళ్లు వచ్చే దారి మూయాలి. బానెట్ ఎత్తి, వైపర్ల కింద ప్లాస్టిక్ జల్లెడలా ఉంటుంది చూడు, దాని మూలల్లో నీళ్లు దిగే కన్నాలుంటాయి. ఆకులు అడ్డుపడితే వాననీళ్లు నిండి లోపలికి దిగుతాయి. అది శుభ్రం చేశాక మగ్గుతో నీళ్లు పోసి, టైరు వెనక నుంచి నేల మీదికి కారుతున్నాయో లేదో చూడు. ఎడమ తలుపు రబ్బరు కూడా చూడు. కార్పెట్ ఎత్తినప్పుడు కింద రేకుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టు, సముద్రపు గాలి తగిలే ఊళ్లు మీవి. టంగుమంటే మంచి రేకు, మెత్తగా లోపలికి పోతే తుప్పు. తుప్పు గీకకుండా దాని మీదే కోటింగ్ కొట్టించొద్దు, లోపల తడిని పెట్టి మూత వేసినట్టే.

రెండో గేరు:
అందరూ బండి గురించి చెప్పారు, నేను కాగితం గురించి చెప్తాను. పెదనాన్నగారే కదా అని ఇన్సూరెన్స్ ఆయన పేరు మీదే వదిలేయలేదు కదా? బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ పేరు మార్పుకి కంపెనీకి రాయాలి. ఇంకా రాయకపోతే ఇవాళే రాయండి. 2011 రిజిస్ట్రేషన్‌కి 2026తో 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ మీద తేదీ చూసుకుని రెన్యువల్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

టైర్ల పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారీ. గాట్లు ఎంత లోతున్నా అంత పాత టైరు రబ్బరు గట్టిపడిపోయి తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. లంబసింగి మాత్రం ఈ ఏడాది వద్దనే నా అభిప్రాయం.

గట్టు రోడ్డు:
నేను ఒప్పుకోను, బండి సరిగ్గా ఉంటే ఆల్టో హాయిగా ఎక్కుతుంది. కత్తిపూడి, తుని మీదుగా నర్సీపట్నం దాకా చదును, ఆ తర్వాతే ఘాట్ రోడ్డు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్పించాకే బయల్దేరాలి. చీకటితో ఘాట్ ఎక్కొద్దు, ముందు రోజు సాయంత్రం వెలుతురుండగానే పైకి చేరిపోండి. అక్కడ సున్నా దగ్గరికి దిగిన రాత్రులున్నాయి, నాన్నగారి ఆయాసం సంగతి డాక్టరుని అడిగారా?

కొత్త స్టీరింగ్:
అడిగాను అన్నయ్యా, డాక్టరుగారు నాన్నకి వద్దన్నారు. లంబసింగి మానేశాం, పండక్కి అంతర్వేది వెళ్తాం.

మూడు వారాల్లో ఏం చేశానో చెప్తాను. జల్లెడ మూలలో గుప్పెడు వేపాకులు, నల్లగా కుళ్లిపోయి. తీసి నీళ్లు పోస్తే టైరు వెనక నుంచి ధారగా పడ్డాయి. కార్పెట్ డాబా మీద రెండు రోజులు ఆరబెట్టాను, కింద రేకు అంతా టంగుమంది. బ్యాటరీ పొద్దున్న 11.9 చూపించింది, డైనమో 14.1. పాతది ఇచ్చేసి కొత్త బ్యాటరీ తీసుకుంటే నాలుగు వేల లోపే అయింది. కూలెంట్, వైపర్ బ్లేడ్లు, హెడ్‌లైట్ల పాలిష్, బ్రేక్ ఆయిల్ కలిపి ఇంకో మూడున్నర. టైమింగ్ బెల్టు బిల్లు పెదనాన్నగారి డైరీలో దొరికింది, 2021లో మార్పించారట. టైర్లలో వెనకవి రెండూ 2016వి, అవి వచ్చే నెల జీతంతో. పాలసీకి రాసేశాను.

నిన్న పొద్దున్న బోడసకుర్రు వంతెన మీద మంచు ఎంతుందంటే కింద వైనతేయ ఉందో లేదో తెలియలేదు. ఏసీ, హీటరు వేసుకుని, డిమ్ములో, పాతిక స్పీడులో దాటాను. అద్దం తేటగా ఉంది. అవతల ఒడ్డున గడ్డి ట్రాక్టరు ఒకటి ముందే కనపడింది, వెనక ఎర్ర రేడియం మెరిసింది. సాయంత్రం వస్తూ రేడియం టేపు చుట్ట ఒకటి కొని మా వీధిలో ట్రాక్టరున్న మావయ్యకి ఇచ్చాను. ట్రక్కు వెనక తలుపు మీద బురద కడిగి, ఆ చివర్నుంచి ఈ చివరికి ఇద్దరం కలిసి అంటించాం.