తెరంగేట్రం: రాయడం ఎలా, వాడడం ఎక్కడ?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న: బడి పత్రికకు వచ్చిన సినిమా వ్యాసాల్లో ఒకరు ‘తెరంగ్రేటం’ అని, ఇంకొకరు ‘తెరరంగేట్రం’ అని రాశారు. ఏది ఉంచమంటారు?

బరంపురం: రెండూ కావు మాస్టారూ, ‘తెరంగేట్రం’. ర వత్తు ట కిందే ఉండాలి. తమిళంలో అరంగు అంటే ఆట ఆడే వేదిక, ఏట్రం అంటే ఎక్కడం. వాళ్ళు జంట ‘ఱ’ను ‘ట్ర’ అని పలుకుతారు, మనం చెవికి వినబడ్డట్టే రాసుకున్నాం. నీళ్ళు తోడే ఏతం కూడా ఆ కుదురుదే. సంధి ప్రకారం తెర, అరంగేట్రం కలిస్తే ‘తెరరంగేట్రం’ కావాల్సిందే, కాదనను. పక్కపక్కన రెండు రకారాలకు నోరు తిరగక ఒకటి రాలిపోయింది. దాన్ని ఏరి తెచ్చి మళ్ళీ అతికించకండి, అదీ గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో!

రాయగడ: అక్షరం కంటే వాడుకలోనే ఎక్కువ తప్పుతున్నారు. తెర మీద కనబడేవాళ్ళకే ఈ మాట. ఎడిటరో ఛాయాగ్రాహకుడో అయితే ‘పరిచయమయ్యారు’ అంటే సరిపోతుంది. ‘రాజకీయ తెరంగేట్రం’ అని రాస్తారు, అక్కడ తెర ఏదండీ? క్రికెటర్‌కు ఉత్త ‘అరంగేట్రం’ చాలు. ‘తొలి తెరంగేట్రం’లో ‘తొలి’ కొట్టేయండి.
ఏ హోదాలోనో చెప్పకపోతే సంవత్సరం తప్పుతుంది. అక్కినేని 1941లో ‘ధర్మపత్ని’లో చిన్న వేషం వేశారు, 1944లో ‘సీతారామ జననం’లో కథానాయకుడు. ‘1944లో తెరంగేట్రం’ తప్పు, ‘1944లో కథానాయకుడిగా తెరంగేట్రం’ ఒప్పు.

పర్లాకిమిడి: ముందు ఒప్పుకున్న సినిమా వెనక విడుదలైతేనో?

రాయగడ: తెర మీద బొమ్మ పడ్డ రోజే లెక్క. చిరంజీవి ముందు ఒప్పుకున్నది ‘పునాదిరాళ్ళు’, ముందు విడుదలైంది 1978లో ‘ప్రాణం ఖరీదు’. తెరంగేట్రం రెండోదానితోనే. మొదటిదాని సంగతి ఇంకో వాక్యంలో చెప్పండి, రెంటినీ ఒకే వాక్యంలో ఇరికిస్తే చదివేవాడు తికమకపడతాడు.

బరంపురం: నాట్యం వ్యాసాలు కూడా ఉంటే ఒక్క మాట. మన వైపు ఒడిస్సీ నేర్చిన పిల్ల తొలి ప్రదర్శనను ‘మంచప్రవేశ్’ అంటారు. సంస్కృతంలో మంచమంటే వేదిక కూడానని దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే, పాపం పిల్ల జబ్బుచేసి మంచమెక్కిందనుకుంటారు. ‘రంగప్రవేశం’ అనండి, కూచిపూడి వాళ్ళూ అదే అంటారు.