ఇళ్లకు కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేయాలా? కోనసీమ, పశ్చిమ గోదావరి వాళ్లు చెప్పండి

కొబ్బరితోట:
అమ్మకి 78 ఏళ్లు. అమలాపురం అవతల మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది, నా ఉద్యోగం బెంగళూరులో. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. షుగర్ కూడా ఉంది. ఇంట్లోనే ఉండి చూసుకోవడానికి ఏజెన్సీ ద్వారా ఒకావిడను పెట్టాను. నెలకు 24 వేలు, ఒక నెల అడ్వాన్సు. "జీఎన్ఎమ్ నర్సింగ్ కోర్సు చదివిన నర్సు" అని చెప్పి పంపారు.

పోయిన నెల డాక్టరు గారు ఇన్సులిన్ మార్చారు. పాతది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, కొత్తది 100 యూనిట్లది. ఆవిడ పాత ఎర్రమూత సిరంజితోనే, అంటే 40 యూనిట్లదానికి గీతలు గీసిన దానితోనే, 20 గీత దాకా లాగి చేసేసింది. ఆ గీత దాకా అంటే అర మిల్లీలీటరు, కొత్త మందులో అమ్మ ఒంట్లోకి వెళ్లింది 50 యూనిట్లు. ఏడింటికి పాలు తెచ్చిన పిన్ని చూసేసరికి అమ్మ చెమటకి తడిసి ముద్దయిపోయి ఉంది, పిలిస్తే పలకడం లేదు. షుగర్ 38. ఆటోలో అమలాపురం తీసుకెళ్లి గ్లూకోజ్ ఎక్కిస్తే అప్పుడు కళ్లు తెరిచింది.

సర్టిఫికెట్ చూపించమంటే ఏజెన్సీ వాళ్లు ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గార్డును పెట్టే ఏజెన్సీకి 2005 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, గార్డుకు శిక్షణ ఇవ్వాలి, అతని గురించి విచారణ జరగాలి. మా అమ్మకి సూది వేసే మనిషిని పంపేవాళ్లకి అవేవీ అక్కర్లేదా?

కాలవగట్టు:
అమ్మగారు కోలుకున్నందుకు సంతోషమండి. కానీ లైసెన్సు మీద నాకు నమ్మకం లేదు. ప్రైవేటు నర్సింగ్ హోములకు మన రాష్ట్రంలో 2002 నుంచి రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. మా నాన్నని చేర్చిన చోట ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి కౌంటరు వెనకే పెట్టారు. పదకొండు రోజులుంచారు. రెండు గంటలకోసారి పక్కకి ఒత్తిగిలించాలి కదా, పూటకోసారైనా తిప్పలేదు. ఇంటికి తెచ్చి చూస్తే నడుము కింద నా అరచేయంత పుండు. ఆ పుండుతోనే పోయారు. ఫ్రేములో కాగితం ఏం చేసింది? ఇప్పుడు ఏజెన్సీలకీ అదే పెడతారు. ఫీజు వాళ్లు కడతారు, మన బిల్లులో కలుపుతారు.

మందులషాపు:
ఎర్రమూత సిరంజి 40కి, ఆరెంజ్ మూతది 100కి. ఇన్సులిన్ మారినప్పుడు సిరంజి కూడా మార్చి ఇవ్వాల్సింది షాపువాళ్లు. ఎక్కడ కొన్నారు?

కొబ్బరితోట:
సిరంజిలు షాపులో కొన్నవి కావు. వంద సిరంజిల డబ్బా ఆన్‌లైన్‌లో నేనే పంపాను, అంతకుముందు. ఇంకా సగం మిగిలి ఉంది.

మందులషాపు:
అయితే తప్పు అక్కడే మొదలైంది. ఇందులో నర్సు చదువుతో పని లేదు.

కొబ్బరితోట:
పని లేకపోవడమేమిటండీ? మూడేళ్లు జీఎన్ఎమ్ చదివిన వాళ్లకి సీసా మీద 100 అని కనపడితే సిరంజి మార్చాలని తెలియదా? చదవలేదు కాబట్టే తెలియలేదు.

పేరూరు సిస్టర్:
చదివిన వాళ్లకి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. పనిలో పెట్టుకునే ముందు అది అడగండి. ఆయా వేరు, నర్సు వేరు. ఆయాని నర్సని చెప్పి పంపడం మోసం.

కాలవగట్టు:
పేరూరు సిస్టర్ గారూ, నిజం నర్సు కావాలంటే 24 వేలకి ఎవరొస్తారు? మా అత్తగారిని చూసే అమ్మాయి పదో తరగతి. ముక్కులోంచి వేసిన గొట్టంలో గంజి పోసేటప్పుడు తల ఎత్తి ఉంచాలి, పోశాక కాసేపు పడుకోబెట్టకూడదు. డిశ్చార్జి రోజు ఆసుపత్రిలో చెప్పారు. ఈ రోజుకీ ఒక్క పూట తప్పలేదు ఆ పిల్ల. రేపు చదువు ఉండాలని రూలు పెడితే ముందు పోయేది ఆ పిల్ల ఉద్యోగమే.

గోదారిగాలి:
వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. రశీదు ఉందా?

కొబ్బరితోట:
రశీదు ఇవ్వలేదు. డబ్బు కూడా ఎవరిదో సొంత నంబరుకి ఫోన్‌పే చేయించుకున్నారు. అందుకే అంటున్నాను, రిజిస్ట్రేషన్ కావాలని. 2019లో లోక్‌సభలో పెట్టిన సీనియర్ సిటిజన్ల చట్టం సవరణ బిల్లులో హోమ్‌కేర్ సేవల నియంత్రణ కూడా ఉంది. 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది.

లంకమ్మాయి:
నేను ఆ పని చేసే మనిషినే. మస్కట్‌లో ఆరేళ్లు చేసి వచ్చాను, ఇప్పుడు ఏజెన్సీ పంపిన ఇళ్లకి వెళ్తున్నాను. కొబ్బరితోట గారిని ఒకటి అడుగుతాను. ఆవిడ డ్యూటీ ఎన్ని గంటలు? మీ అమ్మగారు రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?

కొబ్బరితోట:
24 గంటల డ్యూటీ. ఒప్పుకునే వచ్చింది. దానికీ సిరంజికీ సంబంధం ఏమిటి? ఇంకో సంగతి, ఆధార్ కాపీ కూడా వేరే జిల్లాది ఇచ్చారు. పోలీసు విచారణ లేకుండా ఇంట్లోకి పంపుతున్నారు. బీరువా తాళాలు అమ్మ తలగడ కిందే ఉంటాయి.

కాలవగట్టు:
పోలీసు విచారణ అంటే స్టేషన్ చుట్టూ వారం రోజులు తిరగాలి. మనిషి అర్జెంటుగా కావాల్సి వచ్చినప్పుడు ఎవరు ఆగుతారు?

లంకమ్మాయి:
విచారణ నా మీదేనా? నేను వెళ్లే ఇంటి గురించి ఎవరు విచారిస్తారు? ఒక ఇంట్లో పెద్దాయన మంచంలో ఉన్నారు, పాపం మంచి మనిషి. రాత్రయితే ఆయన కొడుకు తలుపు కొట్టేవాడు. మూడో రోజు తెల్లారకముందే సంచి పట్టుకుని పంటు దగ్గరికి వచ్చేశాను. మధ్యలో వదిలేసి వచ్చానని ఏజెన్సీ నెల డబ్బు పట్టుకుంది. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ఇళ్లలో పనిచేసే వాళ్లకీ వర్తిస్తుందని, జిల్లాలో కమిటీ ఉంటుందని సచివాలయం మహిళా పోలీసు చెప్పేదాకా నాకు తెలియదు. లైసెన్సు పెట్టండి, మొదట సంతకం నేనే పెడతాను. కానీ అందులో నా సంగతి కూడా రాయండి. నేనడిగిన రెండో దానికి జవాబు రాలేదు.

కొబ్బరితోట:
మీకు జరిగింది దారుణం, కాదనను. కానీ ఇక్కడ చావు అంచుదాకా వెళ్లింది మా అమ్మ. ఆవిడ అలసిపోయిందని నేను సర్దుకుపోవాలా? డబ్బు తీసుకుంటోంది కదా.

లంకమ్మాయి:
24 వేలు మీరిచ్చారు. ఆవిడ చేతికి ఎంత వచ్చిందో అడిగారా? నాకైతే 15 ఇస్తారు. వచ్చి ఎన్నాళ్లయింది? మధ్యలో సెలవు ఇచ్చారా? నేను మంచం కిందే చాప వేసుకుని పడుకుంటాను. మూలుగు వినపడితే లేస్తాను, డైపర్ మారుస్తాను, పక్కకి తిప్పుతాను, నడుం వాల్చేసరికి మళ్లీ పిలుపు. ఇరవై రోజులు అలా గడిచాక పొద్దున్నే సిరంజి చేతిలోకి తీసుకుంటే గీతలు రెండుగా కనపడతాయి. మీరు లైసెన్సు అంటున్నారు కదా, అందులో 12 గంటలకి ఒక మనిషి అని రాస్తే ఒప్పుకుంటారా?

కొబ్బరితోట:
అంటే ఇద్దరిని పెట్టాలి. 48 వేలు. కొబ్బరి దింపు డబ్బు అమ్మ మందులకే చాలడం లేదు. నా వల్ల కాదు.

కాలవగట్టు:
ఈ మాటలో మాత్రం నేను కొబ్బరితోట గారితోనే. 12 గంటలంటే మా ఇంట్లో కూడా కుదరదు. మా ఆవిడా నేనూ పగలు షాపులో ఉంటాం.

లంకమ్మాయి:
ఇందాకటి నుంచి మీరిద్దరూ లైసెన్సు మీద పోట్లాడుకుంటున్నారు. నా నిద్ర దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకటయ్యారు.

రిటైర్డ్ టీచర్, పాలకొల్లు:
నిదానంగా మాట్లాడుకోండమ్మా. పెద్దవాళ్లకి 14567 హెల్ప్‌లైన్ ఉంది, అది కూడా రాసుకోండి.

కొబ్బరితోట:
నిన్న కోపంలో రాశాను. రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఐదుసార్లు లేపుతుందట, ఒక్కోరోజు ఆరు. ఆవిడ ఎప్పుడు పడుకునేదో అమ్మకి తెలియదు. వచ్చి 34 రోజులు, ఒక్క సెలవూ లేదు. పండక్కి వెళ్తానంటే వద్దన్నది నేనే. అయినా ఇద్దరిని పెట్టలేను, అబద్ధం చెప్పను.

లంకమ్మాయి:
ఇద్దరు వద్దు సరే. నెలకి నాలుగు రోజులు సెలవైనా రాయించండి. ఆ నాలుగు రోజులూ ఇంకో మనిషిని ఏజెన్సీయే పంపాలి. వెళ్లేటప్పుడు ఏ మందు ఏ పూట, ఏ సిరంజి అన్నది పుస్తకంలో రాసి అప్పజెప్పాలి.

కొబ్బరితోట:
దీనికి ఒప్పుకుంటాను.

కాలవగట్టు:
ఆ నాలుగు రోజుల మనిషికి డబ్బు ఎవరిస్తారు? ఏజెన్సీయా, మనమా?